కంచె ధర్మము

పెరటితోట పెంచు గృహస్థునకు ఒక చిన్న పరీక్ష ఎప్పుడో యొకప్పుడు తప్పక వచ్చును. రెండు నెలలు నీరు పోసి పెంచిన చిక్కుడు పాదు ఒక్క రాత్రిలో మోడై కనబడును. మేసినది జింక. దానికి ఆకలి తప్ప వేఱొక ఉద్దేశము లేదు. నష్టపడినవారము మనము, మనకు కోపము కలదు. ఆ ఆకలికిని ఈ కోపమునకును నడుమ గృహస్థుడు దేనిని నిలుపవలెను? కంచెను నిలుపవలెనని లోకానుభవము చెప్పుచున్నది. ఆ కంచె యెట్లుండవలెను, దానిని కట్టువాని మనస్సు ఎట్లుండవలెను అను రెండు విషయములను ఈ పాఠమున విచారింతము.

1. అడవి యంచున తోట

బిలాస్‌పూర్ రైల్వే పట్టణము తెలుగువారికి క్రొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కాలమునుండియు మనవారు ఆ మార్గములలో ఉద్యోగములు చేయుచు వచ్చిరి. 1931లో విజయనగరము–రాయపూర్ మార్గము పూర్తియైన పిదప ఉత్తర కోస్తా జిల్లాలనుండి ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు రాకపోకలు సులభమైనవి. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానముగా నున్నది. అచ్చటి రైల్వే కాలనీలలో తెలుగుమాట నేటికిని వినబడుచునే యున్నది. మనవాడు ఎచ్చట కాపురము పెట్టినను పెరటిలో ఒక కరివేపచెట్టు, ఒక మునగచెట్టు, తులసికోట యుండును గదా!

పట్టణము నడుమ నున్న పెరళ్ళకు ఆవులు, మేకలు, కోతులు శత్రువులు. జింకల బెడద అచ్చట లేదు. బిలాస్‌పూర్ నుండి కట్నీ వైపు రైలులో పోవునప్పుడు కర్గీ రోడ్, బేల్‌గహనా, ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ స్టేషనులు వరుసగా వచ్చును. అటు పోనుపోను అడవి దట్టమగును. ఆ ప్రాంతముననే అచానక్‌మార్ అభయారణ్యము కలదు. అది 1975లో అభయారణ్యముగాను, 2009లో పులుల సంరక్షణ కేంద్రముగాను ప్రకటింపబడినది. చుక్కల దుప్పులు, సాంబరు దుప్పులు అచ్చట విరివిగా నున్నవి. అడవి యంచున ఇల్లు కట్టుకొన్నవారికి అవి పొరుగువారే.

ఛత్తీస్‌గఢీ భాషలో ఇంటి పెరటితోటను ‘బాడీ’ యందురు. 2019లో ఆ రాష్ట్రప్రభుత్వము వాగు, పశువు, ఎరువు, పెరటితోట అను నాలుగింటిని చేర్చి గ్రామాభ్యుదయమునకు ఒక పథకమును చేపట్టినప్పుడు ఆ నాలుగవ దానికి ‘బాడీ’ యనియే పేరుంచిరి. ఆ గ్రామములలో ‘రోకా–ఛేకా’ యను పాత ఆచారమొకటి కూడ కలదు. వానకాలపు పైరు నేలలో నుండగా పశువులను విచ్చలవిడిగా తిరుగనీయక అదుపులో నుంచుటయే ఆ యాచారము. ఊరిపశువును ఆపుటకు ఊరందఱు కలిసి నియమము పెట్టుకొందురు. అడవిమృగము అట్టి నియమమును ఎఱుగదు. కావున అచ్చట నియమము మనదిగానే యుండవలెను.

2. గార్డుగారి తీగ

దృష్టాంతముగా నొక గృహస్థుని తీసికొందము. ఆయన ముప్పది యేండ్లు రైళ్ళలో గార్డుగా పనిచేసి విశ్రాంతి పొంది, కర్గీ రోడ్ దాటిన పిదప అడవికి చేరువలో కొంచెము నేల కొని చిన్న యిల్లు కట్టుకొనెను. ఇంటివెనుక చిక్కుడు, బచ్చలి, చిలగడదుంప వేసెను. ఫాల్గుణమాసము వచ్చెను. అడవిలో గడ్డి యెండెను. వాగులో నీరు సన్నగిల్లెను. ఒకనాటి వేకువను చూడగా తోట నడుమ జంటగిట్టల జాడలు తప్ప పచ్చని యాకు మిగులలేదు. మఱునాడు పురుగు తట్టినదేమో యనుకొనుటకును అవకాశము లేకుండ రెండవ మడియు పోయెను.

ప్రక్కయింటి యువకుడు వచ్చి చూచి, ‘మామయ్యగారూ! దీనికింత యాలోచన యెందుకు? ఒక్క రాత్రి తీగ చుట్టూ లాగి ఇంటి కరెంటుతో కలిపితిమా, రేపటినుండి ఒక్క జింకయు ఇటు తొంగిచూడదు’ అనెను. గార్డుగారు కోపముతో నుండిరి. తీగచుట్టను చేత పట్టుకొని తోటచుట్టును ఒకసారి నడచిరి గూడ. ఆ దారిని వేకువచీకటిలో ఇప్పపూవు ఏరుకొనుటకు పోవు స్త్రీలు ఆయనకు జ్ఞప్తికి వచ్చిరి. ముప్పది యేండ్లు ఎఱ్ఱజెండా పట్టిన చేయి అచ్చట ఆగెను.

‘నాయనా! జింక తొంగిచూడదు, సరే. ఇప్పపూవు ఏరుటకు వచ్చు తల్లుల మాట యేమి?’ అని ఆయన అడిగెను.

యువకుడు తల వంచుకొనెను. ఆ రాత్రి భోజనమువేళ గార్డుగారి భార్య మఱియొక మాట చెప్పెను: ‘ఏమండీ, కంచె కట్టనిది మనము. ఆ తప్పునకు అది ప్రాణమిచ్చుకొనవలెనా?’

ఈ ప్రశ్నయే మన పాఠమునకు మూలము. వారు భయపడినది లేని యపాయమునకు కాదు. ఛత్తీస్‌గఢ్ అడవి యంచులలో ఇట్టి దొంగతీగలకు తగిలి దుప్పులు, ఏనుగులు, మనుష్యులును మరణించుట పలుమార్లు జరిగినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దుప్పిని చంపుటను నిషేధించినది. ఇంటి కరెంటును కంచెకు కలుపుట విద్యుచ్ఛట్టమును కూడ మీఱుటయే. చట్టమునకు ముందే ధర్మము దానిని నిషేధించినదని ఆ యిల్లాలి మాట మనకు తెలుపుచున్నది.

3. తప్పు ఎవరిది?

కంచె కట్టవలసిన బాధ్యత ఎవరిదను ప్రశ్న మన పూర్వులకు క్రొత్త కాదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున ఈ విషయము వచ్చును. గ్రామసమీపమున కంచె లేని చేనిని పశువులు పాడుచేసినచో రాజు కాపరిని దండింపరాదని అచ్చట చెప్పబడినది. కంచె యెట్లుండవలెనో కూడ అచ్చటనే కలదు: ఒంటె దానిమీదుగా లోపలికి చూడజాలని యెత్తుండవలెను, కుక్కగాని పందిగాని మూతి దూర్చగల కంతలన్నింటిని మూయవలెను. ఈ రెండు మాటలలో తోటమాలికి వలయు విద్య చాలవఱకు ఇమిడియున్నది. పైన చూపు ఆగవలెను. క్రింద దారి ఆగవలెను.

జింక స్వభావమును తెలిసినచో ఈ మాటల విలువ బోధపడును. దాని కన్నులు ముఖమునకు రెండు ప్రక్కల నుండును. కావున చుట్టును దూరముగా చూడగలదు. ఎదురుగా నున్నది ఎంత దూరమున నున్నదో నిర్ణయించుట దానికి కొంచెము కష్టము. దిగుచోటు కనబడనిచో ఎగురుటకు అది జంకును. ఎగురుటకన్న దూరుటయే దానికి ఇష్టము. తీగల సందున గాని కంచె క్రింద గాని దారి దొరకినచో ఆ దారినే వచ్చును.

జింకను దుష్టమృగముగా భావించుట ఎంత పొరపాటో ఒక దూరదేశపు వృత్తాంతము తెలుపును. 1868లో మన దేశపు చుక్కల దుప్పులు కొన్ని హవాయి ద్వీపముల రాజైన అయిదవ కమేహమేహాకు కానుకగా చేరినవి. వాటిని మొలొకాయి ద్వీపమున విడిచిరి. 1959లో మౌయి ద్వీపమునకును కొన్నింటిని తీసికొనిపోయిరి. అచ్చట పులి లేదు, చిఱుతపులి లేదు, రేచుకుక్క లేదు. అవి లెక్కకు మించి పెరిగి పొలములకును అడవులకును బరువైనవి. నేడు అచ్చటి రైతులు ఎత్తైన కంచెలు కట్టుకొని కాపాడుకొనుచున్నారు. మన యడవిలో అందముగా తిరుగు ప్రాణియే హద్దు తొలగినచోట ఉపద్రవమైనది. జింక మాఱలేదు, హద్దు మాత్రమే పోయినది.

4. కట్టు విధానము

గార్డుగారు మొదట చేసినది చూచుట. మూడు వేకువలు తోటచుట్టును నడచి, జాడలు ఎచ్చట లోపలికి వచ్చుచున్నవో గుర్తించిరి. జింకకు పైదవడ ముందుపండ్లు ఉండవు. అందుచేత అది కొఱికిన కొమ్మ చివర పీచువలె చినిగి యుండును. కుందేలు కొఱికినచో కత్తితో వాలుగా కోసినట్లుండును. ఎవరు వచ్చుచున్నారో తెలియక కట్టిన కంచె వ్యర్థమగును. దుప్పులు వాగువైపునుండి ప్రొద్దుగ్రుంకిన పిదపను, తెల్లవాఱకముందును వచ్చుచున్నట్లు తేలెను.

పిదప కొలత. జింకను నమ్మకముగా ఆపు కంచెకు ఏడెనిమిది అడుగుల యెత్తు కావలెను. ఎనిమిది అడుగుల కంచెకు గుంజ పదియడుగుల పొడవుండి, రెండడుగులు నేలలో పాతబడి యుండవలెను. మూలలలోని గుంజలకు ఏటవాలుగా ఊతకఱ్ఱలు పెట్టవలెను. వలగాని తీగజల్లెడగాని కట్టినచో దాని అడుగుభాగమును నేలకు మేకులతో బిగించి, మట్టియు రాళ్ళును ఎగద్రోయవలెను.

అంత ఖర్చు పెట్టలేనివారికి రెండు ఉపాయములు కలవు. మొదటిది దడి. వెదురు దబ్బలతోగాని, కంపతోగాని లోపలిభాగము కనబడకుండ దడి కట్టినచో, ఎత్తు కొంత తక్కువైనను జింక ఎగురుటకు సందేహించును. మన రైతులు చేనిచుట్టును పాతచీరలు కట్టుటలోని కిటుకును ఇదియే. గాలికి కదలుచు, లోపలి దృశ్యమును మఱుగుపఱచు ఆ చీర పేదవాని గోడ. రెండవది జంటకంచె. నాలుగైదు అడుగుల యెత్తు గల రెండు కంచెలను నాలుగైదు అడుగుల యెడముతో కట్టినచో, ఎత్తును వెడల్పును ఒక్క దూకుతో దాటగలనను ధైర్యము జింకకు సాధారణముగా కలుగదు.

శాశ్వతమైనది సజీవకంచె. వాక్కాయ, గచ్చ, సీమచింత ముళ్ళతో ఆపును. వావిలిని, అడవి యాముదమును పశువులు ముట్టవు. ఆషాఢపు వానలలో వీటిని దగ్గఱదగ్గఱగా రెండు వరుసలు నాటి, పెరిగినకొలది కత్తిరించుచుండవలెను. అవి చిక్కబడుటకు రెండు మూడు వానకాలములు పట్టును. అంతవఱకు ఆ చిన్నమొక్కలకే కంప అడ్డముగా నుంచవలెను. కంచెకు కూడ బాల్యమున కంచె కావలెనను మాట ఇచ్చట గుర్తుంచుకొనుడు.

కంచె యెంత గట్టిదైనను తలుపు తెఱచి యున్నచో ప్రయోజనము లేదు. గార్డుగారు వెదురు తడికకు గొలుసు పెట్టి, సంధ్యాదీపము పెట్టువేళ దానిని మూయుట నిత్యనియమముగా చేసికొనిరి.

5. చేయరాని పనులు

కంచె కట్టుటలో మూడు దోషములు వచ్చును. మొదటిది హింస. కరెంటు తీగ మాట చెప్పితిమి. ముండ్లతీగను కనబడకుండ కట్టినచో బెదరి పరుగెత్తు జింక దానిలో చిక్కి చీల్చుకొనును. గుడ్డపీలికలు కట్టి తీగ దూరమునకే కనబడునట్లు చేయవలెను. వదులుగా వ్రేలాడు వల కొమ్ములకు చుట్టుకొని మృగమును చంపును. వలను బిగువుగా లాగి కట్టవలెను.

రెండవది అస్తేయమునకు భంగము. రైల్వే పట్టణములలో పాత రైలుకమ్మీ ముక్కలు గుంజలుగా పాతిన తోటలు కనబడును. వేలములో కొన్నదైనచో దోషము లేదు. పట్టాల ప్రక్కను పడియున్నది గదా యని తెచ్చినచో అది దొంగసొత్తు. యువకుడు ఈ సలహాయు ఇచ్చెను. ‘ఇతరుల సొత్తునకు కంచె లేదని మేయునది జింక, మనము కాదు గదా, నాయనా!’ అని గార్డుగారు నవ్విరి.

మూడవది తెలియని దయ. కంచె కట్టిన పిదప మనస్సు మెత్తబడి, వెలుపల కూరగాయల తొక్కలు వేసి జింకలను పిలుచువారు కలరు. ఇది మంచిపని వలె కనబడును. ఊరికి అలవాటుపడిన జింకను ఊరకుక్కలు చుట్టుముట్టి చంపును. అడవిలో కొండముచ్చులు చెట్టుపైనుండి రాల్చిన ఆకులను, పండ్లను దుప్పులు క్రింద తినుచుండును. దానికి భగవంతుడు ఏర్పఱచిన పంక్తి అది. కావున మంచి కంచె తోటకు మాత్రమే కాక జింకకును రక్షయే. అది వచ్చుదారిని మాత్రము పూర్తిగా మూయక, వాగునకు పోవు బాటను విడిచి, మన హద్దులోనే కంచె నిలుపుట న్యాయము.

6. భరతుని కంచె

ఇంతవఱకు వెలుపలి తోట. ఇక లోపలి తోటను చూతము. భాగవతము పంచమస్కంధములోని భరతుని కథ మీరెఱిగినదే. తెలుగు భాగవతమున ఆ స్కంధమును గంగన రచించెను. భరతుడు రాజ్యమును విడిచి గండకీనదీతీరమున తపస్సు చేయుచుండెను. సింహగర్జనకు బెదరిన యొక నిండుచూలాలైన లేడి నదిని దాటుటకు ఎగిరి, పిల్లను నీటిలో విడిచి మరణించెను. భరతుడు ఆ పిల్లను కాపాడెను. అది ధర్మమే. ఆ లేడిపిల్ల ఆశ్రమములోనికి వచ్చెను. పిదప మనస్సులోనికి వచ్చెను. స్నానము, జపము, పూజ ఒక్కొక్కటిగా జాఱిపోయెను. ఆ చింతతోనే దేహము విడిచి ఆయన జింకయై పుట్టెను. రాజ్యమును దాటిన విరాగి ఒక లేడిపిల్లను దాటలేకపోయెను.

ఇచ్చట తప్పు దయ కాదు. నీటిలో కొట్టుకొనిపోవు ప్రాణిని విడిచినచో ఆయన తపస్సునకు అర్థమేమి? ఒడ్డునకు చేర్చుటకును హృదయసింహాసనమున కూర్చుండబెట్టుటకును నడుమ ఒక తడిక తలుపు ఉండవలెను. దానిని ఆయన సంధ్యవేళ మూయలేదు.

కథలో తరువాతి భాగమును మనము అంత శ్రద్ధగా చదువము. జింకజన్మము తీఱి, ఆయన మఱల బ్రాహ్మణుడై పుట్టి, సంగమునకు భయపడి జడునివలె తిరిగెను. సోదరులు ఆయనను చేనికి కాపలా పెట్టిరి. రాత్రివేళ వీరాసనమున కూర్చుండి ఆ జడభరతుడు పైరును కాచుచుండెను. వేటినుండి? మృగములనుండియు, వరాహములనుండియు! ఒక జన్మమున లేడివలన తపస్సును పోగొట్టుకొన్నవాడు మఱియొక జన్మమున అవే మృగములనుండి చేనిని కాచుచున్నాడు. వాటియందు ఆయనకు మోహము లేదు, ద్వేషమును లేదు. తన పని తాను చేయుచు నిశ్చలుడై యున్నాడు. ఆ కూర్చుండుటయే నిజమైన కంచె.

మన దినచర్యలో ఈ కథ నిత్యము జరుగుచునే యున్నది. కోరికలు దుష్టములై రావు. ఆకలిగొన్న జింకలవలె అందముగా, మెల్లగా, సంధ్యవేళల వచ్చును. కొందఱు వానిని చూచి కోపించి తమ మనస్సులోనికి కరెంటు తీగ లాగుదురు. అతిశయించిన ఉపవాసములతో, ఆత్మనిందతో తమ్ము తామే కాల్చుకొందురు. మఱి కొందఱు దయ యను పేరుతో తలుపు తెఱచి యుంచుదురు. రెండును తోటను కాపాడవు. వేళకు లేచుట, వేళకు జపము, మితాహారము, సత్సంగము అను చిన్నచిన్న గుంజలను క్రమముగా పాతుటయే మార్గము. లేతమొక్కకు చుట్టును కంచె వలయునని, వృక్షమైన పిదప దానికి ఏనుగును కట్టినను చలింపదని శ్రీరామకృష్ణులు సాధకులకు బోధించిరి. ఏనుగును కట్టవలెనను తొందర మనకున్నది. కంచె కట్టు ఓపిక లేదు.

7. మననమునకు

పాఠకులు ఈ మూడు ప్రశ్నలను తమలో తాము వేసికొందురు గాక. నా దినములో ఏ దిక్కున కంత కలదు, దేని జాడలు అచ్చట కనబడుచున్నవి? నేను కంచె కట్టని తప్పునకు ఎవరిపై కోపించుచున్నాను? సంధ్యవేళ మూయవలసిన తలుపును నేను మూయుచున్నానా?

గార్డుగారి తోటలో నాటిన వాక్కాయ వరుస మూడవ వానకాలమునకు చిక్కబడెను. చిక్కుడు పాదు పందిరి నెక్కెను. వెన్నెలరాత్రులలో వాగువైపున దుప్పుల గుంపు నీటికి వచ్చుట వసారానుండి కనబడును. యువకుడు వచ్చినప్పుడు గార్డుగారు శబ్దము చేయవలదని సైగ చేయుదురు. కోపముతో తీగ పట్టుకొన్ననాడు ఆయన వాటిని చూడలేకపోయెను. కంచె నిలిచిన పిదప చూడగలిగెను.